కంప్యూటరు చదరంగము: నెలకొల్పు విధమును, లోపము కనుగొను విధమును

చదరంగము మన దేశమునందు పుట్టిన ఆట. సుమారు 6వ శతాబ్దము నాటికే చతురంగమను పేర నిది ఉత్తర హిందూదేశమున ఆడబడుచుండెను. అచ్చటనుండి పారసీకులకును, వారినుండి అరబ్బులకును, వారి మూలమున ఐరోపా వారికిని చేరినది. 15వ శతాబ్దపు చివరి భాగమున ఐరోపాలో మంత్రికిని శకటమునకును నేడున్న వేగము లభించెను. అట్లు మాఱిన ఆటయే మరల మన యిండ్లకు వచ్చి, ఇప్పుడు కంప్యూటరు తెరమీదికి నెక్కినది. మన పాఠశాల కంప్యూటరు గదిలో బడి విడిచిన పిమ్మట నీ యాట సాగుచుండుట తలిదండ్రులు పలువు రెఱుగుదురు. "మా యింటి యంత్రమున నిది పని చేయుటలేదు, ఏమి చేయవలెను?" అని యీ సంవత్సరమున మమ్ము అడిగినవారు అనేకులు. ఒక్కొక్కరికి నోటితో చెప్పుటకంటె సంచికలో వ్రాసియుంచుట మేలని తోచినది.

ఒక ఆట కొఱకు ఇంత శ్రమ యెందు కని కొందఱు పెద్దలు తలంపవచ్చును. తెలుగు బిడ్డలకు చదరంగము దూరపు విద్య కాదు. 1987లో గుడివాడలో జన్మించిన కోనేరు హంపి తండ్రి యొద్దనే ఆట నేర్చి, 2002లో పదునైదేండ్ల వయస్సున గ్రాండ్‌మాస్టరు పదవి నందెను. స్త్రీల ర్యాపిడ్ పోటీలో 2019లోను, మరల 2024లోను ప్రపంచవిజేత యయ్యెను. గుంటూరివారైన పెండ్యాల హరికృష్ణ 2001లోను, ద్రోణవల్లి హారిక 2011లోను గ్రాండ్‌మాస్టరులైరి. మన తెలంగాణమున ఓరుగల్లు వాడగు అర్జున్ ఎరిగైసి 2018లో ఆ పదవి నంది, 2024 డిసెంబరు పట్టికలో 2800 గణనను దాటెను. విశ్వనాథన్ ఆనందు తరువాత ఆ మెట్టెక్కిన రెండవ భారతీయు డితడు. ఇట్టివారికి చిన్ననాటనే ప్రతిదినమును ఎదుట కూర్చుండి ఆడువారు దొరకిరి. విమానశిక్షణ మైదానమునకు పేరుపడిన మన నాదర్‌గుల్‌లో నెన్ని యిండ్ల నట్టివా రుందురు? దిల్‌సుఖ్‌నగరు వైపునకో ఎల్.బి. నగరునకో పోయి రుసుము చెల్లించి నేర్చుకొనుట అందఱికిని సాధ్యము కాదు. రాకపోకలకే సాయంకాలము సరిపోవును. ఇంట నొక పాత కంప్యూటరుండి, అందు ఆట సరిగా కుదిరిన యెడల, రుసుము గోరని ప్రతిపక్షి దొరకినట్లే.

ముందుగా నొక సంగతి మనస్సున నుంచుకొనవలెను. తెరమీద కనబడు చదరంగపు బల్ల వేఱు, మనతో ఆడువాడు వేఱు. ఇవి రెండును ప్రత్యేకమైన ప్రోగ్రాములు. బల్ల గళ్లను చూపును, పావులను కదల్చును, గడియారమును నడపును, నియమము తప్పిన ఎత్తును ఒప్పుకొనదు. దానికి ఆలోచన మాత్రము లేదు. ఆలోచించునది ఇంజను అను వేఱొక ప్రోగ్రాము. ఆ ఇంజనుకు బల్లయు లేదు, బొమ్మలును లేవు. ఉత్తరములమీద చదరంగ మాడుకొను ఇద్దఱు మిత్రులను తలంచుకొనుడు. "ఇంతవరకు ఈ యెత్తులు జరిగినవి, ఇక నీవు ఆలోచింపుము" అని బల్ల యొక చీటి పంపును. "నా యెత్తు ఇది" అని ఇంజను మఱియొక చీటి పంపును. ఈ యుత్తర ప్రత్యుత్తరములకు యూసీఐ అను నొక పద్ధతి కలదు. దానిని 2000 సంవత్సరమున రూడాల్ఫ్ హూబర్, స్టెఫాన్ మేయర్ కాలెన్ అను నిద్దఱు ఏర్పఱచిరి. "ఆట చెడిపోయినది" అని మా యొద్దకు వచ్చు మొఱలలో నెక్కువ భాగము, ఈ రెంటిలో నేది మూగవోయినదో తెలియక చేయునవియే.

బల్ల లేకయే, యంత్రము సైతము లేకయే, ఆలోచన మాత్రము నడచిన కాలమును గలదు. ఆలన్ ట్యూరింగు అను ఆంగ్లేయ గణితశాస్త్రజ్ఞుడు చదరంగ మాడుటకు సూత్రములు వ్రాసెను గాని వానిని నడపగల యంత్రము దొరకలేదు. కావున 1952లో నతడు కాగితముమీద తానే లెక్క కట్టుచు, సూత్రము చెప్పిన ఎత్తునే వేయుచు, అలిక్ గ్లెన్నీ అను నాతనితో నాడి ఓడెను. 1997 మే నెలలో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ యంత్రము అప్పటి ప్రపంచవిజేత గారీ కాస్పరోవును ఆఱాటల పోటీలో గెలిచెను. నేడు మనము వాడుకొను స్టాక్‌ఫిష్ అను ఇంజను 2008లో వెలువడినది. ఇది సామాన్యమైన ఇంటి యంత్రముమీద నడచుచునే ఏ మనుష్యునికంటెను బలముగా నాడగలదు. దీని పేరునకు ఎండుచేప యని యర్థము. నార్వే దేశీయుడగు టార్డ్ రోమ్‌స్టాడ్ వ్రాసిన పూర్వపు ఇంజనును గ్రహించి ఇటలీ దేశీయుడగు మార్కో కోస్టల్బా దీనిని పెంచెను. నార్వేలో ఎండిన చేప ఇటలీలో కూరయైన దన్నమాట! ఎనిమిదవ తరగతి పిల్లలు ఈ సంగతి విని చాలసేపు నవ్విరి. ఈ ఇంజను ఉచితముగా లభించును, ఇతరులకును పంచవచ్చును. కావున దీనికి వెల చెప్పువారి యొద్ద కొనవలసిన పని లేదు.

ఇక నెలకొల్పుట. యంత్రమున ఉబుంటు ఉన్నచో పని తేలిక. అందలి సాఫ్ట్‌వేరు పట్టికలో గ్నోమ్ చెస్ అను బల్లను, గ్నూ చెస్ గాని స్టాక్‌ఫిష్ గాని యొక ఇంజనును వెదకి, రెంటిని స్థాపింపవలెను. బల్ల నొక్కదానినే స్థాపించి, యంత్రము బదులాడుటలేదని వచ్చువారు కలరు. ఇంజను లేనప్పుడు బల్ల ప్రతిపక్షిగా మనుష్యునే చూపును. ఇద్దఱు పిల్లలు ఒకే తెర యెదుట కూర్చుండి ఆడుకొనవలసినదే. ఇంజనును స్థాపించి, బల్లను ఒకసారి మూసి మరల తెఱచి, క్రొత్త ఆట మొదలుపెట్టునప్పుడు ప్రతిపక్షుల పట్టికలో దాని పేరు ఎంచుకొన్నచో సరిపోవును.

విండోసు ఉన్నవారికి రెండు దారులు. చిన్నతరగతుల పిల్లలకు లూకస్ చెస్ మంచిది. అందు బల్లయు, వేఱువేఱు బలములు గల పెక్కు ఇంజనులును ఒకే మూటగా వచ్చును. పై తరగతులవారు అరీనా వంటి యొక బల్లను, స్టాక్‌ఫిష్‌ను వేఱువేఱుగా తెచ్చి జతపఱచుట నేర్చుకొనవలెనని మా యభిప్రాయము. కష్ట మెక్కువే గాని, చెడినప్పుడు ఎచ్చట చెడినదో తెలియును.

ఏ ప్రోగ్రాము నైనను దానిని చేసినవారి సొంత పుటనుండియే దింపుకొనవలెను. పేరు పెట్టి వెదకినప్పుడు పెద్ద పచ్చబొత్తాములతో ముందుగా నెదురుపడు ప్రకటనల పుటలను నమ్మరాదు. 2020 తరువాతి స్టాక్‌ఫిష్ కూర్పులు వెనుకటివానికంటె చాల పెద్దవి. ఫోను డేటాతో దింపువారు దీనిని గమనించి, వీలైన యెడల బడిలో దింపి పెన్‌డ్రైవున తీసికొనిపోవలెను. ఇచ్చట పాత యంత్రములవారికి ఒక విచిత్రమైన చిక్కు వచ్చును. అంతర్జాలము అందుచున్నను ఏ పుటయు తెఱచుకొనదు, "ఈ పుట సురక్షితము కాదు" అని బ్రౌజరు అడ్డుపెట్టును. అట్టి సమయమున తెర మూలనున్న తేదీని చూడుడు. పది పదునైదేండ్ల నాటి తేదీ కనబడిన యెడల, లోపము అంతర్జాలమునందు లేదు. యంత్రములోపలి మదరుబోర్డుమీద గడియారమును నడపు నాణెమంత బ్యాటరీ అయిపోయినది. తేదీ తప్పినందున పుటల యొక్క ధ్రువపత్రములు చెల్లనివిగా దానికి తోచుచున్నవి. సాధారణముగా నా బ్యాటరీ సీఆర్ 2032 అను రకపుది. గడియారముల కొట్లలోను, సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు బజారులలోను దొరకును. యంత్రము నార్పి, తీగ నూడదీసి, దానిని మార్చి, తేదీ దిద్దినంతనే పుటలు తెఱచుకొనును.

దింపిన ఫైలు జిప్ అను మూటగా నుండును. మూటను విప్పకయే లోపలి ఇంజనుమీద రెండుమార్లు నొక్కి, అది నడచినదని సంతోషించువారు అనేకులు. అప్పుడు విండోసు దానిని తాత్కాలికపు చోట విప్పును. మఱునాటికి ఆ చోటున నుండునో యుండదో చెప్పలేము. కావున మూటను పూర్తిగా విప్పి, సీ డ్రైవులో ఆంగ్లాక్షరములతో చెస్ అని యొక ఫోల్డరు చేసి, అందుంచవలెను. పిమ్మట అరీనాలో ఇంజనుల పట్టీ క్రింద క్రొత్త ఇంజనును స్థాపించు వరుసను నొక్కి, ఆ ఫైలును చూపి, రకమడిగినప్పుడు యూసీఐ అని చెప్పవలెను. మొదటిసారి నడపునప్పుడు విండోసు నీలిరంగు పెట్టెలో హెచ్చరిక చూపవచ్చును. అసలు పుటనుండి తెచ్చినదైనచో అనుమతి నీయవచ్చును. ఇందు కొఱకు యాంటీవైరసును పూర్తిగా నాపివేయుట మాత్రము మంచిది కాదు.

ఇప్పుడు ముఖ్యమైన లోపమునకు వచ్చెదము. మా విద్యార్థి యొకని తండ్రి ఆటో నడుపును. కుమారుని కొఱకు వాడిన కంప్యూటరు నొకదానిని కొనెను. అందు స్టాక్‌ఫిష్‌ను నొక్కగానే నల్లని కిటికీ మెఱసినట్లు కనబడి మాయమగుచుండెను; బల్లయేమో "ఇంజను ఆగిపోయినది" అని తెలుపుచుండెను. బాగుచేయువా డొకడు ఆ యంత్రము పని అయిపోయినదనియు, తుక్కు క్రింద నిచ్చి క్రొత్తది కొనవలెననియు చెప్పెను. అప్పు చేయుటకు సిద్ధపడిన తండ్రిని పిల్లవాడు ఆపి, యంత్రమును మా యొద్దకు తెచ్చెను. యంత్రమునకు ఏ రోగమును లేదు. సంగతి యేమన, స్టాక్‌ఫిష్‌ను ప్రాసెసరు రకమును బట్టి వేఱువేఱు ఫైళ్లుగా ఇత్తురు. ఏవీఎక్స్2 అనియు బీఎంఐ2 అనియు పేరున గలవి క్రొత్త ప్రాసెసరులకు మాత్రమే తెలిసిన ఆజ్ఞలతో కూర్చబడినవి. ఇంటెల్ వారి ప్రాసెసరులలో ఈ ఆజ్ఞలు 2013 నాటి హాస్వెల్ తరముతో వచ్చినవి. అంతకు ముందటి ప్రాసెసరు ఆ ఆజ్ఞ యెదురుపడగానే అర్థము గాక ఆగిపోవును. అంతియే గాని, చెడిపోయిన దేమియు లేదు.

మీ ప్రాసెసరు పేరు కంప్యూటరు గుణములను చూపు పుటలో నుండును. ఐ3, ఐ5, ఐ7 అను పేళ్ల తరువాతి నాలుగంకెల సంఖ్య 2తో గాని 3తో గాని మొదలైనచో అది పాతతరము. 4తో గాని ఆపై యంకెతో గాని మొదలైనచో ఏవీఎక్స్2 కలది. పెంటియం, సెలరాన్ అను పేళ్లు గలవానిలో ననేకములకు తరువాతి సంవత్సరములలోను ఆ సౌకర్యము లేదు; కావున కొన్న సంవత్సరమును బట్టి నిశ్చయింపరాదు. సందేహము కలిగినప్పుడు పేరున నే విశేషమును లేని సాదా ఎక్స్86-64 ఫైలును గాని, ఎస్ఎస్ఈ41 పాప్‌కౌంట్ అను దానిని గాని తెచ్చుకొనవలెను. వేగము కొంత తగ్గును, అయినను మనల నోడించుటకు ఆ వేగము చాలును. పైన చెప్పిన యింట సాదా ఫైలు పెట్టినంతనే ఆట నడచెను. ఆ బాలుడిప్పుడు ప్రతిరాత్రియు అరగంట ఆడుచున్నాడు. అతని చెల్లెలు ప్రక్కన నిలిచి ఎత్తులు చెప్పుచున్నదట.

ఇంజను మాయము గాక, నల్లని కిటికీ అట్లే నిలిచి, అందొక గీత మినుకుమినుకు మనుచుండినచో భయపడకుడు. అది ఇంజను చెవి యొగ్గి కూర్చున్నదనుటకు గుర్తు. ఇదియే దానిని పరీక్షించుటకు తగిన సమయము. ఆంగ్లమున యు, సీ, ఐ అను మూడక్షరములు చిన్నవిగా కొట్టి ఎంటరు నొక్కుడు. ఇంజను తన పేరును, తన మీటల జాబితాను చెప్పి, చివర యూసీఐఓకే అని ముగించును. పిమ్మట ఈజ్‌రెడీ అని కొట్టినచో రెడీఓకే అని బదులిచ్చును. గో డెప్త్ 10 అని కొట్టినచో పది యంతస్తుల లోతువఱకు ఆలోచించి, బెస్ట్‌మూవ్ అను మాట ప్రక్కన నొక ఎత్తు చెప్పును. బల్ల లేకయే ఆడువాడు పలికినాడు! మా తరగతిలో దీనిని చూపినప్పుడు పిల్లలు నిశ్శబ్దముగా నుండిరి. బల్ల వేఱు, ఆట వేఱు అను మాట అప్పుడు గాని వారికి అర్థము గాలేదు.

ఇంజను ఇట్లు పలికియు బల్లలో మాత్రము పలుకని యెడల, దోషము వాని నడుమ దారియందున్నది. బల్ల ఇంజనును దాని చిరునామాను బట్టి పిలుచును. ఫోల్డరు పేరు మార్చినను, ఫైలును ఒకచోటినుండి మఱియొకచోటికి జరిపినను, ఆ చిరునామా చెల్లదు. పెన్‌డ్రైవునుండి నడపువారికి ఇది మఱింత తఱచు: నిన్న ఈ యను అక్షరముతో కనబడిన డ్రైవు నేడు ఎఫ్ అను అక్షరముతో కనబడును. అందుచేతనే సీ డ్రైవున నొక స్థిరమైన చోటు చూపుమంటిమి.

ఆట మొదలై, కొంతసేపటికి యంత్రమంతయు నత్తవలె నడచుటయు కలదు. హ్యాష్ అను మీట ఇంజనునకు ఇయ్యబడు మెమరీని తెలుపును. స్టాక్‌ఫిష్ తనంతట 16 మెగాబైట్లు మాత్రమే కోరును. ఎక్కువ యిచ్చిన బాగుగా నాడునని ఎవరో చెప్పగా విని, రెండు గిగాబైట్ల యంత్రమున 1024 ఇచ్చిన పిల్లలున్నారు. అప్పుడు తక్కిన పనులకు చోటు చాలక యంత్రము డిస్కుమీద పడి పెనగులాడును. థ్రెడ్స్ అను మీటను సైతము ఒకటివద్దనే యుంచుడు.

పైవానికంటె పెద్దదైన చిక్కు ఒకటి కలదు, అది యంత్రమునకు సంబంధించినది కాదు. స్టాక్‌ఫిష్ బలమును తెలుపు మీట సున్న మొదలు 20 వఱకు నుండును. ఎవరును ముట్టనిచో అది 20 మీదనే నిలిచియుండును. ఏడవ తరగతి బాలిక యొకతె వారము దినములు ఆడి, ఒక్క ఆటయు గెలువక, తనకు బుద్ధి చాలదని నిశ్చయించుకొని మానివేసెను. ప్రపంచవిజేతలు సైతము గెలువలేని వానితో తాను తలపడినట్లు ఆమె కెవరును చెప్పలేదు. ఇది మా దృష్టిలో ఆ నల్లని కిటికీ మాయమగుటకంటె పెద్ద లోపము. మొదట సున్నమీద నుంచుడు. మూడాటలలో రెండు గెలుచుచున్నప్పుడు ఒక్క మెట్టు పెంచుడు. సున్నయు కష్టమైనచో లూకస్ చెస్‌లో నింకను తక్కువ బలము గల ప్రతిపక్షులు కలరు. ఆ బాలిక మరల మొదలుపెట్టి ఇప్పుడు మూడవ మెట్టున నున్నది.

"యంత్రము మోసము చేసినది" అను మొఱ మఱియొకటి. తాతగారి యొద్ద ఆట నేర్చిన పిల్లలనుండి యిది వచ్చును. మన యిండ్లలోని నాటుపద్ధతిలో బంటు మొదటను ఒక్క గడియే నడచును. రాజు ఆటలో నొకసారి గుఱ్ఱపుటెత్తు వేయును. కంప్యూటరు అంతర్జాతీయ నియమములనే యెఱుగును. అందు బంటు మొదటిసారి రెండు గళ్లు పోవచ్చును. అట్లు పోయి మన బంటు ప్రక్కన నిలిచిన యెడల, ఆ వెనువెంటనే, ఒక్క గడియే నడచినట్లు భావించి దానిని ఐమూలగా చంపవచ్చును. ఆ ఎత్తున చంపనిచో హక్కు పోవును. యంత్రము మన బంటును ప్రక్కనుండి మాయము చేసినదని యేడ్చినవారు చూచినది దీనినే. కోట కట్టుటలో ముందుగా రాజును రెండు గళ్లు జరుపవలెను. ఏనుగును తొలుత జరిపినచో బల్ల దానిని ఏనుగు ఎత్తుగానే తీసికొనును. రాజుగాని ఆ ఏనుగుగాని అంతకుముందే కదలియున్నను, రాజుమీద దెబ్బ యున్నను, రాజు దాటు గడిమీద శత్రువు చూపున్నను కోట కట్టనీయదు. ఎదుటివానికి ఎత్తు వేయుటకు వీలే లేకపోయి, రాజుమీద దెబ్బ లేనిచో ఆట సమానమగును గాని గెలుపు కాదు. బలము లెన్నియో యుండి యిట్లు గెలుపును జారవిడిచినవారు ఇంజనును నిందించిన లాభము లేదు. తాతగారి పద్ధతియు తప్పు గాదు. దానిని ఆయనతోడనే ఆడవలెను.

ఆట నడుమ కరెంటు పోయినచో ఏమి చేయవలెనని తలిదండ్రులడిగిరి. చాల బల్లలలో ఆటను పీజీఎన్ అను రూపమున దాచు వరుస కలదు. అది ఎత్తుల జాబితా మాత్రమే. చాల చిన్న ఫైలు, ఏ బల్లయైనను చదువగలదు. ఐదారెత్తుల కొకసారి దాచుకొన్నచో, ఇంట సగమైన ఆటను మఱునాడు బడిలో కొనసాగింపవచ్చును. పుస్తకమున చేతితో వ్రాసికొన్న ఆటను నోట్‌ప్యాడులో నెక్కించియు తేవచ్చును. అట్లు తెచ్చిన ఫైలు బల్లకు కనబడనిచో పేరు చివర చూడుడు: నోట్‌ప్యాడు తనంతట టీఎక్స్‌టీ అని తోక తగిలించును, విండోసు ఆ తోకను దాచును. ఫోల్డరు కిటికీలో వ్యూ క్రింద ఫైలు పేళ్ల తోకలు చూపు వరుసకు గుర్తు పెట్టి, ఆ చివరి తోకను తీసివేసి, పీజీఎన్ అను దానిని మాత్రము మిగుల్చుడు. అప్పుడు బల్ల ఆ ఫైలును తెఱచును.